ఉపగ్రహాలు దొరికే దాకా

ఆదివారం రాత్రితో ఆఫర్ అయిపోతుందట.
పాత వాచీ ఇచ్చేస్తే ఆరు వేలు తగ్గిస్తారట.
బీసెంట్ రోడ్డు దుకాణంలో హనోక్ అనే కుర్రాడు
నా మణికట్టుకి కొత్తది చుట్టి
"చూడండి మేడమ్, మ్యాప్ కూడా ఉంది" అన్నాడు,
పెళ్ళికొడుకు ఫొటో చూపిస్తున్నట్టు.

వేలు జరిపితే
వేలి కింద బెజవాడ జరిగింది.
మూడు కాలవలు మూడు నీలం దారాలు,
గాంధీ కొండ ఎవరిదో వేలిముద్ర,
ఏటి నడుమ భవానీ ద్వీపం
మజ్జిగలో కరివేపాకు.

మా ఇల్లు వెతికాను.
కృష్ణలంకలో, కరకట్ట దిగువన,
పదహారేళ్ళుగా నేను అద్దె కడుతున్న సందు
ఉంది గానీ దానికి పేరు లేదు.
మేం ఇస్త్రీబండి సందు అంటాం.
బండి పోయి ఏడేళ్ళయింది.

నా పాతదాంట్లో మ్యాపు లేదు.
ఒట్టి నల్లగీత.
కింద ఊరు లేదు, ఏరు లేదు,
తెల్లకాగితం మీద చీమ నడిచినట్టుంటుంది.
నాకు మాత్రం చదవడం వచ్చు:
ఈ చిన్న ముడి, పద్మావతి ఘాట్ దగ్గర
బూటు లేసు ఊడిన చోటు.
ఈ వంకర, సీతానగరం మలుపులో
మూడు కాళ్ళ కుక్క నన్ను తరిమిన రోజు.
(అదే గెలిచింది.)
ఈ తిన్నటి గీత బ్యారేజీ.
పన్నెండో నంబరు మంచం ఖాళీ అయిన తెల్లవారి
దానిమీదే నాలుగుసార్లు అటూ ఇటూ పరిగెత్తాను.
ఆ రోజు గీత లావుగా ఉంది.

అలాగని పాతదాన్ని నెత్తిన పెట్టుకోను.
పట్టీ తెగితే మస్తాన్‌వలి చెప్పులు కుట్టే దారంతో కుట్టాడు.
పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర కన్ను మూస్తుంది.
పోయిన కార్తీకంలో కొండపల్లి అడవిలో
నేనూ షకీరా దారి తప్పితే
ఒక బాణం గుర్తు చూపించింది.
బాణం చూపించిన వైపు లోయ.
మేకలు కాసే ముసలాయన దొరికాడు గాబట్టి సరిపోయింది.
అప్పట్నుంచీ షకీరా ఒకటే పోరు,
"కొనవే, ప్రాణం కంటే ఎక్కువా" అని.

ఎక్కువ కాదు. నలభై రెండు వేలు.
పోయిన నెల చీటీ నేనే పాడుకున్నాను.
ఆ డబ్బు కోసం ఒక ఫ్రిజ్జు, ఒక పన్ను
ముందునుంచే వరసలో నిలబడి ఉన్నాయి.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు.
రోత పుట్టడం లేదు, అదే చిక్కు.
వింత మాత్రం బాగానే పుట్టింది.
నైట్ డ్యూటీలో రెండున్నరకి
సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ
నల్లది బాగుంటుందా, బూడిదరంగుది బాగుంటుందా అని
లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాను.

"పాతది ఉపగ్రహాల్ని పట్టుకోవడానికి
ఎంతసేపు తీసుకుంటుంది మేడమ్?"
మూడు నిమిషాలు. మబ్బుంటే నాలుగు.
"ఇది నాలుగు సెకన్లు!"
అక్కడ నేనేం మాట్లాడలేదు.

హనోక్‌కి ఎలా చెప్పను?
సూర్యారావుపేటలో డ్యూటీ దిగి
బ్యారేజీ మొదట్లో రెయిలింగ్‌కి ఆనుకుని
చెయ్యి ఆకాశం కేసి పట్టుకుని నిలబడతాను.
పాలవ్యాన్ వాళ్ళు పిచ్చిదనుకుంటారేమో.
ఆ మూడు నిమిషాలూ
ఎవరి నాడీ నా వేళ్ళ కింద ఉండదు.
ఎవరూ సిస్టర్ అని పిలవరు.
కింద గేటు మీద ఒక నీటికాకి
రెక్కలు రెండూ ఆరేసుకుని
అదీ సిగ్నల్ కోసమే నిలబడ్డట్టుంటుంది.

ఇవాళ శనివారం. మబ్బు పట్టింది.
ఎడమవైపు పన్ను సలుపుతోంది.
నాలుగో నిమిషం కూడా దాటింది.
రేపు ఆ అబ్బాయికి ఏం చెప్పాలో
ఇంకా తేలలేదు.
వాచీ తెర మీద చిన్న చుక్క
వెతుకుతూ గుండ్రంగా తిరుగుతోంది.
తిరగనీ.