సోలా, తవ్వా

బల్లరాట్‌లో జూన్ నెల పొద్దు.
గడ్డి మీద మంచు ఇంకా పెళుసుగానే ఉంది.
కొండెక్కే పందేనికి కార్లు వరసకట్టాయి.
రేకుల షెడ్డులో నా బల్ల, చేతిలో ఫారాల కట్ట.
ఏడో గడిలో ఒకటే ప్రశ్న:
ఇంజను ఎన్ని లీటర్లు?

చెన్సు ఫరూజా వచ్చాడు.
మాల్టా పేరు. నా చెవికి మాత్రం
నెల్లూరు చెంచయ్యకి తమ్ముడిలా తగులుతుంది.
డెబ్బై ఏళ్ళ చేతులు, గోళ్ళ కింద ఎన్నటికీ వదలని నలుపు.
"ఒకటి పాయింట్ మూడు" అన్నాడు,
మీసాలొచ్చిన కొడుక్కి అర టిక్కెట్టు అడిగే తల్లి గొంతుతో.

వెనక ఎవరో నవ్వారు.
బానెట్ కింద ఉన్నది రోటరీ.

రస్ పెన్‌హాలిగన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"రెండుతో గుణించు" అన్నాడు.
"రెండు పాయింట్ ఆరు. పెద్దవాళ్ళ తరగతి."

చెన్సు మాట్లాడలేదు.
డిక్కీలోంచి అరిగిన రోటరొకటి మోసుకొచ్చి
నా ఫారాల మీద పెట్టాడు, గాలికి ఎగరకుండా.
మూడు మూలలు. ఉబ్బిన మూడు ముఖాలు.
ఒక్కో ముఖంలో వేళ్ళు పట్టేంత తొట్టి.

నేనెరిగిన ఇంజను రోకలి.
పైకీ కిందికీ, పైకీ కిందికీ,
ప్రతి చివరా ఆగి, వెనక్కి మళ్ళి,
ఇరుసు రెండు చుట్లు తిరిగితే గాని
ఒక్కసారి మండదు.

ఇది తిరగలి.
మళ్ళడమన్నది లేదు.
ఒక ముఖం పీలుస్తుంటే ఒకటి నొక్కుతుంది,
ఇంకొకటి మంట మీద ఉంటుంది.
ఇరుసు మూడు చుట్లు తిరిగేసరికి
తను తాపీగా ఒక్క చుట్టు.
అయినా ఇరుసు చుట్టుకొక మంట.
అదే కొలత రోకలి రెండు చుట్లలో మింగే గాలి
దీనికి ఒక్క చుట్టులో ఒక్క గుక్క.

పైన రాసింది సోల.
కొలిచి పోసేది తవ్వ.

"గది ఆరువందల యాభై నాలుగు సీసీలు" అన్నాడు చెన్సు,
"రోటర్లు రెండు. అబద్ధం ఎక్కడుంది?"
"మిగతా ముఖాలో?" అన్నాడు రస్.
"ఆరూ లెక్కేస్తే మూడు పాయింట్ తొమ్మిది. రాయమంటావా?"

ఫ్లాస్కు మూత తిప్పుతూ జోర్జా అంది:
"నన్నడగండి. పెట్రోలు డబ్బులు కట్టేది నేను.
ఐదు లీటర్లు."

షెడ్డంతా నవ్వింది. చెన్సు కూడా.

ఆమె లెక్క ఏ పుస్తకంలోనూ లేదు గాని
నాకు అర్థమైంది.
సెబాస్టపోల్‌లో నా అద్దె ఇల్లూ ఇలాంటిదే:
పొడుగు నడవ, ఆ చివర హీటరు, ఈ చివర నేను.
బిల్లు సగం గోడలే కాచుకుంటాయి.
ఈ ఇంజనులోనూ మంటకి ఇరుకు సందే దారి.
ఎటు చూసినా చల్లటి ఇనుము, అల్యూమినియం;
అంచు దాకా పోకముందే ఆరిపోయి
కాలని పెట్రోలు గొట్టంలోకి నడిచిపోతుంది.
మూలల్లో సన్నటి సీళ్ళు,
అవి తడారకుండా చుక్క చుక్క నూనె,
అదీ మంటకే ఆహుతి.
పేలిందంతా పని కాదు.
నా కరెంటు బిల్లు చూపిస్తే ఒప్పుకుంటారు.

రెండు పాయింట్ ఆరు అని రాశాను.
చెన్సు సంతకం పెట్టాడు.

పదకొండింటికి అతని వంతు.
ఆగి ఉన్నప్పుడు గొణిగింది,
ముసలి పిల్లి దగ్గినట్టు.
తర్వాత కొండంతా ఒకే ఒక్క స్వరం,
ఎక్కడా మెట్టు లేకుండా పైకి సాగింది.
మలుపులో కాలు తీస్తే వెనక గొట్టంలోంచి
జానెడు నీలి మంట ఊడిపడింది.
జోర్జా కళ్ళు మూసుకుని
"రెండు డాలర్లు" అంది.

పెద్దవాళ్ళలో ఐదో స్థానం.
ఒకటి పాయింట్ మూడని రాసి ఉంటే మొదటిది.
ఆ మాట నేనన్నాను. అతను అనలేదు.
ఇంటిదాకా సరిపోదని
జోర్జా అప్పటికే ఎర్ర డబ్బా మూత తీస్తోంది.

చీకటి పడేవేళ రోటరు ఎత్తుకుపోయాడు.
ఫారం మీద మూడు మూలల నూనె మరక,
సరిగ్గా ఏడో గడి మీద.
అంకె కనపడటం లేదు.
తిరగరాయలేదు.
అలాగే కవర్లో పెట్టి అంటించాను.