టీవీ సౌండు

జ్ఞానాపురంలో పోర్టు బొగ్గుపొడి
ఎవర్నీ అడిగి లోపలికి రాదు.
పొద్దున్న తుడిచిన కిటికీ మీద
మధ్యాన్నానికి వేలితో పేరు రాయొచ్చు.

పక్కింట్లో పైడయ్య పెళ్లాన్ని కొట్టినప్పుడల్లా
నేను టీవీ సౌండు పెంచేదాన్ని.
మా జోజిగాడు ఎక్కాలు రాసుకునేవాడు,
తలెత్తకుండా.
కుళాయి కాడ మేమే అనుకునేవాళ్లం,
"మనసు నేకపోతే సెయ్యెత్తుతాడేటి?"

నిన్న బీచ్ రోడ్డులో, మూరీమిక్చరు బండి పక్కన
ఓ గుంట ఫోను లాక్కుని
లాక్ తియ్యమంటున్నాడు వాడు.
రెండో చేత్తో మణికట్టు వదల్లేదు.
ఆ గుంట నవ్వుతోంది,
చుట్టూ జనం ఉన్నారని నవ్వే నవ్వు.
నాకు తెలుసది. నిండు బిందె ఎత్తుకుంటూ
పైడయ్య పెళ్లాం నవ్వేది.
ఆమె పేరు, ఇప్పుడాలోచిస్తే,
మేమెవరం అడగలేదు.

నేనేం నేర్పలేదు వాడికి.
సౌండు పెంచానంతే.

రాత్రి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.
"ఆ పిల్ల పేరేంట్రా?"
"నీకెందుకే."
అచ్చం గోడవతలి గొంతు.

లేచి టీవీ కట్టేశాను.
అన్నం గిన్నె నా దగ్గరే పెట్టుకుని
మళ్లీ అడిగాను,
పక్కింటికి వినబడేలా.