ముడి

పరకాల బస్టాండు ఎనుక
నాలుగు రేకుల కింద నా వైండింగు షాపు.
పొద్దుగాల షట్టర్ లేపకముందే
ఫోన్ల వైరు రేటు లేస్తది.

మొన్న కిలో తొమ్మిదొందల ఎనభై,
నిన్న వెయ్యి ముప్పై.
ఇయ్యాల వరంగల్ షావుకారు అంకె పెట్టలే,
దండం బొమ్మ పెట్టిండు.

ఏమైందని అడిగితె
సముద్రాలకవతల ఏదో గని కూలిందట,
చీనాల కార్లు పెట్రోలు తాగుడు బంద్ జేసినయట,
ఒక్కో కారు కడుపుల మనిషి బరువంత రాగట,
లండన్ల సూటేసుకున్నాయన ఎవలో
చెయ్యి లేపిండట.
ఆయన చెయ్యి లేపితె
నా చేతుల చుట్ట ఆగిపాయె.

ఓదెలు టీవీఎస్ మీద పండవెట్టుకొచ్చిండు
కాలిన మోటరును, దవాఖానకు తెచ్చినట్టు.
వరి పొట్ట మీదున్నది.
ఒక ఫేజు పోయి, రెండింటి మీద ఉరికి ఉరికి
కాయిలంత బొగ్గు.
ఇప్పే పని లేదు, వాసన జూసే చెప్త.

"అల్మినం ఎయ్యన్నా, ఈ ఒక్క పంటకు."
అల్మినం ఎండకాలం దాటదని
నాకెర్కె, ఆయనకెర్కె.
ఇద్దరం చాయ తాగినం.

మా బామ్మర్దిది భూపాలపల్లిల బాయి పని.
ఆదివారమొస్తె ఒక్కటే ముచ్చట:
బొగ్గుకు రోజులు దగ్గరవడ్డయి బావా,
ఎండతోటి, గాలితోటి కరెంటు దీస్తరట ఇగ.
ఎండకు గుడ రాగి తీగె గావాలె గదా అంటె
నవ్విండు.
ఎంత తోమినా నలుపు పోని ముడుతలల్ల
నవ్వు ఇరుక్కున్నది.
ఆయన బాయి మూస్తమని బెదిరిస్తున్న గాలే
నా వైరును పిరం జేసింది.

మంగళారం
స్క్రాపు మదార్ గోనెసంచి గుమ్మరించిండు.
కాల్చిన తీగె, నల్లగ, పెళుసుగ.
"జోకు భాయ్, నాలుగు కిలోల మీదుంటది."
జోకుతుంటె కనవడ్డది
ఒక కాయిలు కొసకు, సగమే కాలిన
ఎర్రదారం ముడి.

వైండింగోనికి ఎవని ముడి వానిది,
దస్తకతు లెక్క.
నాది ఎడమకు తిప్పి, కిందికెళ్ళి తీసి,
రెండుసార్లు గుంజే ముడి.
ఎవలూ నేర్పలే.
కరెంటు లేని ఒక రాత్రి, చీకట్ల,
నా ఏళ్ళకే తోచింది.
పేపర్ల ముడిసరుకు ధరలని రాస్తరు.
నా ముడి గూడ సరుకైంది, కాంటా మీద.

పోచక్క మోటరు గది.
పోయిన నెల కమ్మలు కుదవెట్టి కట్టించుకున్నది.
పది రోజుల కింద బాయికాడ మాయమైతె
పోలీసోళ్ళొచ్చి
ఖాళీ పైపును ఫొటో తీసుకపోయిండ్రు.

తెగిన కొసలు సూసిన. ఒక్క దెబ్బ.
శానం యాడ పెట్టాలెనో ఎర్కైన చెయ్యి.
నా కాడ మూడేండ్లు కూసొని వైరు చుట్టి
ఓపెన్‌కాస్టుల కాంట్రాక్టు పనికి పోయిండు మొగిలి.
నిరుడు దసరాకు ఆ పని బందైంది.
మళ్ళ షాపు దిక్కు రాలే.
నా ముడి వానికెర్కె.
అంత కాల్చినోడు
దాన్నెందుకు సగంల ఇడిసిపెట్టిండో.

నేనేమనలే. మదార్ ఏమనలే.
కాంటా ముల్లు ఊగి ఊగి నిలవడ్డది.
పైసలిచ్చిన.
ముడి కోసి జేబుల ఏసుకున్న.

సందెకు పోచక్క వచ్చి
గ్రీజు మరకల బల్ల మీద కూసున్నది.
చెవులకు పుల్లలు.
"కొత్తది కడితె ఎంతైతది తమ్మీ?"
ఫోన్ తీసిన. మళ్ళ పెట్టిన.
లండన్ల తలుపులు మూసినంక చెప్తనక్కా అన్న.

ఆమె కొంగుతోని మొఖం తుడుసుకున్నది.
"ఆళ్ళు ఎప్పుడు పంటరు?" అనడిగింది.