సూరత్ బండి

లోకనాథం బండిని తోలుకుని రాలేదు,
నడిపించుకుని వచ్చాడు,
చేనుమీద పడ్డ గొడ్డును బందెలదొడ్డికి తెచ్చినట్టు.

గిరిసోల గేటు దాటిన లారీ గేరు మార్చినా
మేక వెనకచక్రానికి ఒళ్ళు రుద్దుకున్నా
సీటుమీద వానచుక్క పడినా
దొంగ దొంగ అని అరిచే బండి.
నెల్రోజులై ఆ వీధికి నిద్ర లేదు.
నిన్న రాత్రి సాహు కోడలు, పచ్చిబాలింత,
గుమ్మంలోకొచ్చి రెండు భాషల్లో తిట్టిందట.

"పీకేయ్ కూర్మయ్యా!"
గట్టిగా అన్నాడు.
లోకనాథం ఏదైనా గట్టిగానే అంటాడు.

సీటు విప్పాను.
సూరత్ దుమ్ము మా దుమ్ములా ఉండదు.
నూలుపీచు కలిసి, మెత్తగా, బూడిదరంగులో
బ్యాటరీ చుట్టూ గూడు కట్టింది.
గూట్లో సబ్బుబిళ్ళంత నల్లడబ్బా,
దాన్నుంచి పదకొండు వైర్లు.
ఒక్కటీ కంపెనీ రంగు కాదు.
ముడిమీద ముడి, టేపుమీద టేపు,
ఎండకి కరిగి పాకంలా వేళ్ళకంటుకుంటోంది.
బిగించినవాడెవడో
విప్పేవాడొకడుంటాడని అనుకోలేదు.

ముందు సైరన్ తీగ తెంపాను.
అప్పుడు మొదలెట్టింది.
దాని కడుపులో దానికో చిన్న బ్యాటరీ ఉందట,
తెగిన బల్లితోకలా
నా అరచేతిలోనే గింజుకుంటూ అరిచింది.
గేటు దగ్గర హోంగార్డు లేచి నిలబడ్డాడు.
టీ కొట్టు ముందు డ్రైవర్లు చెవులు మూసుకున్నారు.
లోకనాథం మాత్రం
నా పెదాలు చూస్తున్నాడు, ఏమన్నానో అని.

పన్నెండేళ్ళు. ఒక్కడికి ఎనిమిది మగ్గాలు.
నైట్ డ్యూటీ.
చెవులక్కడ ఒదిలేసి
బండిని పార్సిల్ వేసి తెచ్చుకున్నాడు.

మరి నీకు అలారం ఎందుకురా?
చేత్తో అడిగాను, మొహంతో అడిగాను.

"గదికి పదిమందిమి. పడుకుంటే
కిటికీలోంచి గోడమీద మినుకుమినుకుమనేవి సిగ్నల్ లైట్లు.
అంటే బండుందన్నమాట.
సప్పుడు మీకు. ఎలుగు నాకు.
సాహు కోడలు తిట్టింది నాకందలేదు కూర్మయ్యా.
పసిగుడ్డు సెవులు రెండూ మూసి సూపింది.
అప్పుడు తెలిసింది."

సైరన్‌ని పంక్చర్ తొట్టిలో ముంచాను.
ట్యూబుకి చిల్లెక్కడో బుడగతో చెప్పే నీళ్ళు.
గొంతులోకి నీళ్ళు పోయి గురగురమని, సన్నబడి,
ఒక బుడగ.
చాలాసేపటికి ఇంకోటి.

పీకడం తేలికే.
పీకాక బండి స్టార్ట్ కాలేదు.
వాడెవడో ఇగ్నిషన్ తీగని మధ్యకి కోసి
రెండు కొసలూ ఆ డబ్బాలోంచి తిప్పాడు,
డబ్బా ఒప్పుకుంటేనే కరెంటు.
ఇప్పుడు డబ్బా లేదు, దారీ లేదు.
టెస్ట్ లైట్ పట్టుకుని గంటన్నర వెతికాను,
మధ్యలో ఒక పంక్చరు, రెండు టీలు.
హెడ్‌లైట్ డూమ్ వెనక దొరికింది
రాగికి చిలుం పట్టిన కొస.

గీకి, మెలేసి, టంకం పెట్టి, స్లీవు తొడిగాను.
మా మేస్త్రి ఉర్లాంలో నేర్పిన అతుకు:
కంటికి ఆనకూడదు, తడిమితే దొరకాలి,
రేపు ఇంకొకడు విప్పాలి కదా.

మూడో కిక్కుకి పట్టింది.
ఎలా ఉంది అని అడగబోయి ఆగాను.
అప్పటికే ట్యాంకుమీద అరచెయ్యి ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
"టాపెట్ కొడతంది. సైలెన్సర్ వేపుది."

నిజమే.
లారీల హోరులో నేనే వినలేదు.

పొద్దుగూకింది. నూట యాభై ఇచ్చి,
బండిని నా కొట్టు ముందే నిలిపి
రోడ్డు దాటి టీకి వెళ్ళాడు.
బెంచీ మీద కూచుని, అలవాటు కాబోలు,
రిమోట్ నొక్కాడు.
ఏమీ మెరవలేదు.
మెడ సాచి చూశాడు. లారీలు అడ్డం.
మళ్ళీ నొక్కాడు.

చేతిలో టార్చి ఉంది.
బండి పక్కకెళ్ళి
లారీకి లారీకి మధ్య
రెండుసార్లు వెలిగించి ఆర్పాను.

గ్లాసు ఎత్తాడు.