పచ్చ

షార్జా పదో ఇండస్ట్రియల్ ఏరియాలో
మా పొద్దు కంప్రెసర్ కడుపు ఖాళీ చేయడంతో మొదలవుతుంది.
అడుగున మర తిప్పితే
ఎడారి గాలి గ్లాసెడు నీళ్ళు కక్కుతుంది.
ఆగస్టులో అయితే చెంబెడు.
ఆ నీళ్ళను రంగులోకి రానిచ్చామా,
అద్దమంతా తట్టు పోసినట్టు చుక్కలు.

మెట్‌పల్లిలో నేను లారీలకు రంగేసేవాణ్ణి.
సొట్టకు లప్పం, లప్పం మీద ఎనామిల్,
ఎనామిల్ మీద రెండు చిలకలు.
ఏ లారీ ఎక్కడ ఎవర్ని గుద్దిందో
నా కుంచె దాటి బయటికి రాలేదు.

ఇక్కడి రంగు దేన్నీ దాచదు.
కింద గీత ఉంటే గీతనే మెరిపిస్తుంది,
వేలిముద్ర ఉంటే ఎవరిదో చెప్పేస్తుంది.
మా రోడెల్ దీన్ని క్లియర్ అంటాడు.
నేను సులేమానీ అంటాను.

మొదటి పూత కనపడకూడదు.
నాలుగు వేళ్ళ దూరం నుంచి
ఊపిరి బిగబట్టి, మీట వెంట్రుకవాసి లాగి,
వేశామా లేదా అన్నంత పలచగా.
ఆరాక ఇంకోటి.
తొందరపడితే అంచుల్లో పేరుకుని
చాయ్ కప్పు లేపిన చోట మిగిలే ఉంగరం.
సగం ఆరినదాన్ని మళ్ళీ ముట్టుకోకూడదు.
రోడెల్ నా వేళ్ళ మీద కుంచె కర్రతో కొట్టి నేర్పిన పాఠం ఇది.

ఈ నెల పని ఒక టవర్.
అరవై రెండు అంతస్తులు, నా నడుము దాకా.
అసలుదానికి ఇంకా పునాది కూడా తియ్యలేదట.
కిటికీ ఒక్కోటి చిటికెనవేలి గోరంత.
లోపల బల్బులు పెట్టాక
నూటికి నలభై వెలగాలన్నారు కంపెనీవాళ్ళు.
ఏ నలభయ్యో చెప్పలేదు.

అంత అధికారం నాకెవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.
మూడు సున్నాల కుంచెతో, పలక వెనకవైపు నుంచి,
ఒక్కో ఇంటినీ లేపుతూ పోయాను.
పన్నెండులో మూల కిటికీకి ఒక పూత నారింజ:
పిల్ల పరీక్షకు చదువుకుంటోంది.
దాని పైన రెండు పూతలు:
ముసలాయనకు దగ్గు, దీపం ఆర్పనివ్వడు.
నలభై ఏడులో మూడు.
మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు,
లైటు ఎవరు ఆర్పాలో ఇంకా తేలలేదు.
పెంట్‌హౌస్ చీకటి. వాళ్ళు ఎప్పుడూ ఊళ్ళో ఉండరు.

ముప్ఫై ఒకటిలో, సర్వీస్ లిఫ్టు పక్కన,
నారింజ వేయడానికి చెయ్యి రాలేదు.
నీలం తీసుకున్నాను, స్పిరిట్‌లో ఒక్క బొట్టు.
ట్యూబ్‌లైటు.
ఆరు మంచాలు, ఒక కుక్కర్,
డ్యూటీ దిగిన గంగనర్సు బనియన్ పిండుకుంటున్నాడు.
గోరంత అద్దంలో ఇదంతా ఎవరికి కనబడుతుంది?

కనబడింది.
కంపెనీ నుంచి వచ్చిన నాదీన్ మేడమ్
హాల్లో లైట్లన్నీ ఆర్పించి, వంగి,
గోటితో చూపించింది. దిస్ వన్. కోల్డ్.

పైన వేయగలం గానీ కిందిది తియ్యలేం,
ఈ రంగుతో అంతే.
పలకలు అతికించేశాం, వెనక చెయ్యి పట్టదు.
ముందువైపు నుంచి పచ్చ వేయడమొకటే దారి.
ఏ పచ్చ అని అడగొద్దు.
మా మాటలో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే,
అవ్వ మోచేతి మీది బొట్టూ పచ్చే.
పసుపు పెట్టి, మెల్లగా ఊదాను.
నీలం ఎక్కడికీ పోలేదు, కిందే ఉంది,
పసుపు దాని మీద కూర్చుంది,
రెండూ కలిసి
మా సందు చివర మసీదు మినారు మీద
రాత్రిళ్ళు వెలిగే రంగు తేలాయి.

రోడెల్ తల పట్టుకున్నాడు.
నాదీన్ మళ్ళీ వంగింది. చాలాసేపు చూసింది.
ఓ, ప్రేయర్ రూమ్! ఎవరి ఐడియా?
ఎవరం మాట్లాడలేదు.
బ్రోచర్‌లో కూడా వేస్తామంది.

సాయంత్రం మిగిలిన నీలాన్నీ పసుపునీ
వేరువేరు కప్పుల్లోనే కడిగాను.
సింకులో వాటిష్టం.
సజ్జా క్యాంపులో ఉన్న గంగనర్సుకు ఫోన్ చేసి చెప్పాను,
నీ రూముల ఇగ నమాజు చదువుతర్రా అని.
ఐతే చెప్పులు బయటనే ఇడువుమను,
ఇయ్యాల్నే కడిగిన, అన్నాడు.
వెనక కుక్కర్ కూత.
ఎన్నోదో లెక్కపెట్టుకోవాలి, ఉంట, అని పెట్టేశాడు.