నాలుగు తొట్లు

కోయంబత్తూరు నుంచి పార్సిల్లో వచ్చింది కొత్త బంపరు.
ఆరువేల ఎనిమిదొందలు, లారీ కిరాయి వేరు.
వేలితో కొడితే డబ్బా మూతలా టప్పుమంది.
గోడకి ఆనించిన పాతదాన్నీ కొట్టి చూశాను.
బడి వదిలే గంటలా
ఆ మోత కాసేపు గాల్లో నిలబడింది.

బోల్టు కన్నాలు పావంగుళం పక్కకున్నాయి.
"దానికేటి, ఆకురాయెట్టి సాగదీసీవొచ్చు"
అన్నాడు మెకానిక్ ఈశ్వర్రావు, బీడీ తియ్యకుండానే.
నిజమే, కన్నం సాగుతుంది.

పాతదానికి ఒళ్ళంతా తుప్పు పొక్కులు,
కుడి మూలన గుప్పెడు సొట్ట.
అరవై మూడో మోడల్ ఫియట్టు, జూట్ మిల్లు డాక్టరమ్మది.
నొప్పులు పడుతున్న మనిషిని వెనకసీట్లో వేసుకుని
ఘోషాసుపత్రికి వస్తూ వస్తూ
వానలో, నెల్లిమర్ల దారిలో
మూసిన రైలు గేటు కనబడక గుద్దిందట.
బిడ్డ గేటు దగ్గరే పుట్టిందట.
కారు అమ్మినవాడు కాగితాలతో పాటు ఇచ్చిన కథ ఇది.
కాగితాల మీద స్టాంపుంది.
కథ మీద లేదు.

దాసన్నపేట సందులో తవిటయ్య రేకుల షెడ్డు.
బుల్లెట్ సైలెన్సర్లు, అమ్మవారి కిరీటం,
కబడ్డీ కప్పులు, ఎవరిదో మంచం కోడు,
అన్నీ ఒకే తీగకి వేలాడుతూ వరసలో ఉన్నాయి.
"నాలుగు తొట్లు బాబూ.
ఆసిడ్డు, రాగి, నికెలు, ఆఖర్న క్రోము.
క్రోమంటే ఏటనుకున్నారు, ఉల్లిపొరకన్నా పల్సన.
మెరుపు పైన పూసీది కాదు.
ముందు ఉన్నదంతా వొలిచీయాల.
పద్నాలుగు వేలవుద్ది."

అంతా ఒలిచేస్తే
అసలుదేం మిగులుతుందయ్యా?
"ఇనుము" అన్నాడు.
ఇంకేం కావాలన్నట్టు చూశాడు.

తలుపు పిడులు చేతికిస్తే మాత్రం
తూచి చూసి వెనక్కిచ్చేశాడు.
"ఇవి నా వొల్ల కాదు. జింకు పోత.
తొట్లో ఎడితే నీళ్ళలో బెల్లంముక్కే. కొనీయండి."
నా ముఖం చిన్నబోయినట్టుంది.
ఆ పిడినే కదా పట్టుకుని దిగారు వాళ్ళందరూ,
ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి దానిమీద.

తవిటయ్య గ్లవ్సు ఒకటి విప్పాడు.
"నాకు ముందు ముగ్గురు పోయారంట.
నాను పుట్టగానే సేటలో ఏసి పక్కింటామెకిచ్చీసి,
మళ్ళీ ఆవిడికాడ తవుడెట్టి కొనుక్కున్నాది మాయమ్మ.
అందుకే ఈ పేరు.
కొనుక్కున్నోణ్ణే నాను.
అయితే ఏటి, ఆ కడుపుది కాదేటి?"
జవాబు కోసం ఆగలేదు. గ్లవ్సు తొడుక్కున్నాడు.

"సొట్ట తీసీమంటారా?"
ఆ ఒక్కమాటకి నాకు పదిహేను రోజులు పట్టింది.
తీస్తే కారు బావుంటుంది.
ఉంచితే, నిజమో కాదో తెలియని ఒక రాత్రికి
పద్నాలుగు వేలు పోసి పూత వేయించినట్టు.
ఈశ్వర్రావు నవ్వాడు. నా భార్య నవ్వలేదు,
బ్యాంకు పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది.
ఉంచమన్నాను.

నాలుగో తొట్టిలోంచి పైకి తీసినప్పుడు
నీలం పాకిన తెలుపు, నీళ్ళు ఓడుతూ.
కడిగి, రంపప్పొట్టులో అటూ ఇటూ దొర్లించి
రెండు చేతుల మీద ఎత్తి ఇచ్చాడు.
నేనూ రెండు చేతులూ చాచాను.

ఇప్పుడు గంటస్తంభం దగ్గర ఆపితే
బంపరు పొడవునా బజారు నిటారుగా నడుస్తుంది,
సొట్టలో మాత్రం తలకిందులుగా.
స్తంభం, అరటిపళ్ళ బండి, నేను కూడా.

కోయంబత్తూరు బంపరు మీద
ఈశ్వర్రావు తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నాడు.

కొన్న పిడులు బిగించాం.
మొదట్లో పరాయివాడి చెయ్యి పట్టుకున్నట్టుండేది.
ఈ వానలకి, బొటనవేలు ఆనేచోట
రూపాయంత మసక తేలింది.
పాలిష్ డబ్బా డిక్కీలోనే ఉంది.
తియ్యలేదు.