బుధవారం నాటి ఆదివారం

సన్యాసిరావుకి ఈసారి సెలవు బుధవారం పడింది.
కాబట్టి మా ఇంట్లో ఇవాళ ఆదివారం.
పోర్టు షిఫ్టులకి గోడమీది క్యాలెండరు తెలీదు,
మాకూ దానితో పెద్ద పని లేదు
పాల లెక్క రాసుకోడానికి తప్ప.

మౌళికి కడుపునొప్పి అని బడికి చీటీ రాశాను.
ఏ పక్క నొప్పో వాడు నన్నే అడిగి ఖాయం చేసుకున్నాడు.
చందన తొమ్మిదో క్లాసు, అబద్ధమాడదు,
సాయంత్రం ట్యూషను ఎగ్గొట్టి తిన్నగా వచ్చేస్తానంది.

మా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది.
వేట నిషేధం తీరి తొలి బోట్లు తిరిగొచ్చే పొద్దు
స్కూటీ మీద నేనూ అత్తమ్మా ఫిషింగ్ హార్బరుకి.
బుట్ట కిందికి దిగకముందే ఆవిడ అందుకుంటుంది:
"ఏటే, ఇది కవ్వళ్ళ ధరా, కాసు బంగారం ధరా?"
అరగంట తిట్టుకుని
ఇద్దరూ ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుంటారు.
ఆ రోజు మా పులుసు వాసన
కంచరపాలెం మెట్టు దాకా నడిచి వెళ్తుంది.

ఆషాఢ పున్నమికి ఆయన సింహాచలం కొండ చుట్టి వస్తాడు.
మేం హనుమంతవాక దగ్గర నీళ్ళ ప్యాకెట్లతో నిలబడతాం,
వచ్చే కాళ్ళకల్లా ఇస్తూ పోతాం.
ఆయన వచ్చేసరికి ఏటా
సంచీ ఖాళీ.

అక్టోబరు పన్నెండున
ఏడు కొట్టగానే మెయిన్ స్విచ్ దించేస్తాం.
హుద్‌హుద్ ఎత్తుకుపోయిన కిటికీ అద్దం చోట
ఇప్పటికీ అట్టముక్కే.
ఆ మర్నాడు ఫ్రిజ్జుల్లో కరిగిపోతున్నదంతా
మూడు వాటాలవాళ్ళం మెట్ల కింద ఒకే పొయ్యి మీద వండేశాం,
రొయ్యలూ పనసముక్కలూ,
ఎవరి పెళ్ళిరోజుదో సగం కేకు మాత్రం అలాగే తినేశాం.
వారానికి కరెంటొస్తే పై వాటా కరీముల్లా గారు
"అప్పుడే వచ్చేసిందా" అన్నారు.
అందుకే ఆ రాత్రి కొవ్వొత్తులు, మెట్లు,
ఎవరింట్లో ఏముంటే అది.
మౌళి ఆ తర్వాత పుట్టినవాడు.
"మళ్ళీ తుఫానెప్పుడు?" అంటాడు
దీపావళి ఎప్పుడన్నట్టు.
ఎవరం జవాబు చెప్పం,
సముద్రం చెవిన పడుతుందేమోనని.

వలిస పూలు పూస్తే అరకు రైలు.
సొరంగాలు యాభై ఎనిమిదని అందరూ అంటారు.
మౌళి లెక్కకి యాభై ఆరు దాటవు,
అత్తమ్మకి అరవై ఒకటి,
చీకటి పడ్డ ప్రతిసారీ కునుకు తీసి
ఒక్కోదాన్ని రెండుసార్లు లెక్కేస్తుంది.
చందన ఈ ఏడు లెక్కపెట్టలేదు.
కిటికీ కమ్మీకి నుదురానించి కూర్చుంది.
నేనూ ఏమీ అడగలేదు.

ఇవాళ రాస్ హిల్ మెట్లమీద మేం అయిదుగురం.
మురీ మిక్చరు పొట్లాలు,
అత్తమ్మది కారం తక్కువ, నిమ్మకాయ ఎక్కువ.
కింద కాలవలో పెద్ద ఓడ
చిన్న టగ్గు చెయ్యి పట్టుకుని మెల్లగా లోపలికొస్తోంది.
"అదిగో, ఆ మూడోది. అదే నా క్రేను."
పోయినసారి అయిదోది.
అంతకుముందు కుడి చివరది.
శుక్లాల కళ్ళు చిట్లించి అత్తమ్మ అంటుంది:
"ఆఁ, అగుపడింది. మా ఎత్తుంది నాయనా."
చందన నావైపు చూసింది.
నేను పొట్లం అడుగున పల్లీలు వెతుక్కుంటున్నాను.
చూసి, తను కూడా క్రేను వైపు తిరిగి
"అవును నానమ్మా, పసుపు రంగుది" అంది
అబద్ధమాడని పిల్ల.

దీపాలొచ్చాయి. మెట్లు దిగుతుంటే
"రేపేం వారం?" అన్నాడు మౌళి.
"సోమవారం" అన్నాం ముగ్గురం ఒకేసారి.
"గురువారం" అంది అత్తమ్మ.
మార్గశిరం. బురుజుపేటలో
పైకప్పు వద్దన్న అమ్మవారు ఆకాశం కింద నిలబడి ఉంటుంది,
క్యూ అర్ధరాత్రి నుంచే.
"మిగతా వారాలు ఎలాగైనా తిప్పుకోండి. ఇది నాది."
అని ఫోను నా చేతిలో పెట్టింది
పదకొండున్నరకి అలారం పెట్టమని.